టైరు మీద బొట్టు

తనకల్లు పుల్లన్నకు కోపమొస్తే అరవడు, చెయ్యెత్తడు, ఎదుటివాణ్ణి పల్లెత్తు మాట అనడు. దాచుకుంటాడు. గట్టు జరిపిన పక్క రైతును తొమ్మిదేళ్లపాటు నవ్వుతూ పలకరించి, పదో ఏట సర్వేయరు వచ్చిన రోజున ఆ రైతు చేతికే గొలుసు ఇచ్చి కొలిపించి, గట్టును మళ్లీ దాని చోటికి చేర్చిన మనిషి. అందుకే, ఈసారి కారుకు నాలుగు టైర్లూ కదిరి రామకృష్ణయ్య అంగడిలోనే కొంటానని పుల్లన్న అన్నప్పుడు పంక్చర్లు వేసే ఆంజి చేతిలో పానా పక్కన పెట్టి అతని ముఖంలోకి తేరిపార చూశాడు.

"ఏమన్నా, ఎండకు గాని తల తిరిగిందా? ఆ యప్ప టైరు పేలే గదా వదిన చెయ్యి పోయింది!"

"ఆ యప్ప కాడనే కొంటా. ఆయుధపూజ పొద్దు."

"ఆయుధపూజకా? ఇది జూన్ నెలప్పా! అంతవరకు ఇవి యాడ వస్తాయి? ఒకసారి చెయ్యి పెట్టి చూడు, గీత అనేదే లేదు. ఇంకొన్ని దినాలు పోతే లోపలి తీగలు బయటపడతాయి."

"నిదానంగా తోలుకుంటాలే," అన్నాడు పుల్లన్న.

ఆంజి మళ్లీ పానా అందుకున్నాడు. ఇంకేం చెప్పినా లాభం లేదని అతనికి తెలుసు.

పుల్లన్నది నాలుగెకరాల మెట్ట. వరసగా మూడేళ్లు వేరుశనగ ఎండిపోతే ఎద్దులను అమ్మేసి, పాత తెల్లకారు ఒకటి కొని, నలభై నాలుగో ఏట స్టీరింగు పట్టాడు. పుట్టపర్తి ఆశ్రమానికి వచ్చే భక్తులను బెంగుళూరు విమానాశ్రయం నుంచి తెచ్చి దించడం, మళ్లీ ఎక్కించడం, ఇదీ పని. వాన కోసం ఆకాశంకేసి చూడాల్సిన అవసరం లేని బతుకు దొరికిందని భార్య యశోదమ్మ మొదట్లో కొబ్బరికాయ కొట్టింది.

నాలుగేళ్ల కిందట రామకృష్ణయ్య అంగడిలో నాలుగు కొత్త టైర్లు వేయించాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి, కాగితం చుట్టకూడా విప్పలేదు. పుల్లన్న బిల్లు అడగలేదు. తెలిసిన మనిషి దగ్గర బిల్లు అడిగితే అవమానించినట్టని అనుకునే రకం మరి. మరుసటేడు మే నెలలో మిట్టమధ్యాహ్నం ములకలచెరువు దాటాక ముందు ఎడమ టైరు పేలింది. కారు గిర్రున తిరిగి చింతచెట్టును గుద్దుకుంది. పుల్లన్నకు గీతకూడా పడలేదు. పక్కన కూర్చున్న యశోదమ్మ భయంతో ఎడమవైపు కిటికీ అంచును కుడిచేత్తో పట్టుకుంటే, ఆ చెయ్యి తలుపుకూ చెట్టుకూ మధ్య నలిగిపోయింది. బెంగుళూరు ఆస్పత్రుల దాకా తిప్పితే చెయ్యి మిగిలింది కానీ నడిమి మూడు వేళ్లు వంగడం మానేశాయి. అవి ఇప్పటికీ పుల్లల్లాగే ఉంటాయి.

అప్పటినుంచి ఆ ఇంట్లో సంగటి గెలికేది పుల్లన్నే. మూడేళ్లయినా ఉండలు కట్టకుండా గెలకడం రాలేదు. యశోదమ్మ ఆ ఉండలను ఎడమచేత్తో చిదుముకుంటూ తింటుంది, ఒక్క మాటా అనదు. ఆమె ఏదైనా అని ఉంటే పుల్లన్న కోపం కొంతైనా కారిపోయేదేమో. అననందువల్ల పూటపూటకూ పెరిగింది.

పేలిన టైరును చూసింది ఆంజి. దాని పక్కన, అక్షరాల వరస చివర, చిన్న గడిలో నాలుగంకెలు చూపించాడు. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. టైరు ఏ ఏడు ఏ వారంలో తయారైందో దానిమీదే రాసి ఉంటుంది. ఆ గడి టైరుకు ఒక పక్కనే ఉంటుంది. పుల్లన్న టైర్లకు ఆ పక్కను లోపలికి తిప్పి బిగించారు కాబట్టి ఎప్పుడూ కంటబడలేదు. 3114. అంటే రెండువేల పద్నాలుగు. పుల్లన్న కొత్తదని కొన్నప్పటికే దానికి ఏడేళ్లు. ఏడేళ్లు గోడౌన్ రేకుల కింద కదిరి ఎండకు ఉడికి, లోపల పెళుసెక్కి, పైన నల్లరంగు పూయించుకుని వచ్చి అతని కారుకు చేరింది.

పుల్లన్న ఆ రబ్బరు ముక్కను సంచిలో వేసుకుని రామకృష్ణయ్య అంగడికి పోయాడు. అంగట్లో పదిమంది ఉన్నారు. రామకృష్ణయ్య కుర్చీలోంచి లేవలేదు.

"బిల్లుండాదా?"

"లేదన్నా. నువ్వే గదా ఏసింది."

"ఎవరేసినారో నాకెట్ల తెలుస్తాది? అయినా రబ్బరుకు వయసేందప్పా, అదేమన్నా మనిషా? గాలి ఎక్కువ కొట్టుకున్నట్టుండావు." తర్వాత అంగట్లోని పదిమందివైపు తిరిగి, "మడక పట్టి దున్నే చెయ్యి స్టీరింగు పడితే ఇట్లే ఉంటాది," అన్నాడు. పదిమందీ నవ్వారు.

ఆ సాయంత్రమే యశోదమ్మ ఉన్న ఆస్పత్రికి డజను అరటిపండ్లు పంపాడు రామకృష్ణయ్య. ధర్మాత్ముడు! పుల్లన్న ఆ పండ్లను వార్డులో అందరికీ పంచి, తొక్కలు కూడా లెక్కపెట్టి పారేసి వచ్చాడు. అప్పటినుంచి ఆ నవ్వు అతని చెవిలోనే కాపురం పెట్టింది.

పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు కొందరు. కోర్టుకెళ్లమన్నారు కొందరు. బిల్లు లేదు. పుల్లన్న ఎక్కడికీ పోలేదు. అనంతపురం పోయి, ఆంజిని పక్కన పెట్టుకుని, అంకెలు చదివించి నాలుగు టైర్లు కొన్నాడు. మూడేళ్లు తిరిగాడు. దారిలో రామకృష్ణయ్య కనిపిస్తే కారు ఆపి, "బాగుండావా అన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ టైర్లు అరిగాయి. అతను కాచుకున్న సమయం వచ్చింది.

ఆయుధపూజే ఎందుకంటే దానికి కారణముంది. మహానవమి నాడు రామకృష్ణయ్య అంగడి పెళ్లిపందిరిలా ఉంటుంది. ఆ రోజు టైర్ల మీద ధర తగ్గిస్తాడు. చుట్టుపక్కల డ్రైవర్లంతా పండగకు కొత్త టైర్లు వేయించుకోవడానికి అక్కడికే వస్తారు. ఆ ఏడు అందరికంటే ఎక్కువ కొనే బేరగాణ్ణి పిలిచి, శాలువా కప్పి, వరుసగా పేర్చిన టైర్లకు అతని చేత మొదటి బొట్టు పెట్టించడం ఆ అంగడి ఆనవాయితీ. ఆ బొట్టును మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా ఎవరూ తుడవరు. పనిముట్టు మీది బొట్టు తుడిస్తే ఆ ఏడంతా ఆ పని కలిసిరాదని కదిరిలో టీ కొట్టువాడి దగ్గర్నుంచి లారీల షావుకారు దాకా నమ్ముతారు. అందరికంటే ఎక్కువ నమ్మేది రామకృష్ణయ్య.

ఆ మొదటి బొట్టు పెట్టే చెయ్యి తనది కావాలి. ప్రతి టైరునూ తిప్పి, సరిగ్గా ఆ నాలుగంకెల మీదే బొట్టు పెట్టాలి. డ్రైవర్లంతా చూస్తుండగా ఒక్కో అంకెనూ పైకి చదవాలి. రామకృష్ణయ్య తుడవలేక, దాచలేక నిలబడాలి. పుల్లన్నకు కావలసింది ఇంతే. ఇంతకోసం మూడేళ్లు నిద్రలోకూడా నవ్వు ముఖం పెట్టుకుని తిరిగాడు.

పుట్టపర్తి స్టాండులో జయరాం అనే డ్రైవరుకూ, ఇక్కడ ఆంజికీ మాత్రం సంగతి చెప్పాడు. జయరాం మిగతా వాళ్లను కూడగట్టాడు. ఆరు కార్లు, ఇరవై నాలుగు టైర్లు, అన్నీ నవమి నాడు రామకృష్ణయ్య దగ్గరే. ఈ మాట మోసుకుని పుల్లన్న అంగడికి పోయినప్పుడు రామకృష్ణయ్య ఈసారి కుర్చీలోంచి లేచాడు.

"జరిగిందేదో జరిగిపాయ పుల్లన్నా. మనసులో ఏం పెట్టుకోలేదు గదా?"

"నా మనసులో ఏముండాదన్నా!" అన్నాడు పుల్లన్న.

కానీ పగకు దసరా దాకా ఓపిక ఉంది, టైర్లకు లేదు. జూలై గడిచింది. ఆగస్టులో, ఎప్పుడూ ఎగ్గొట్టే వాన ఆ ఏడు కురిసింది. నల్లమాడ దారిలో, పుట్టపర్తి పోయే ఒక ముసలామెను ఎక్కించుకుని వస్తుంటే తడిరోడ్డు మీద బ్రేకు వేసిన చోట కారు ఆగలేదు. జర్రున జారి, కల్వర్టు రాయికి జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో ముసలామె ముందు సీటుకు గుద్దుకుని పెదవి చిట్లింది.

"ఏమైంది నాయనా?" అంది పెదవి అదుముకుని.

"కుక్క అడ్డమొచ్చిందమ్మా," అన్నాడు పుల్లన్న.

అక్కడ కుక్క లేదు. అతను చెమట తుడుచుకుని, ఇంకా నెలన్నర ఉందని లెక్క వేసుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. ఆంజికి మాత్రం చెప్పాడు, అదీ నవ్వుతూ. ఆంజికి నవ్వు రాలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున, వాకిట్లో కారు పక్కన యశోదమ్మ చతికిలబడి, వంగని వేళ్లతో టైరు పక్కను తడుముతూ కనిపించింది. దుమ్ము తుడుస్తోందనుకున్నాడు. "ఎందుకు, నేను కడుగుతాలే," అన్నాడు. ఆమె అతని ముఖం చూసి, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు సంగటిలో ఉండలున్నాయని మొదటిసారిగా అంది.

నవమి నాడు ఇద్దరూ కదిరి పోయారు. చింతచెట్టును గుద్దినప్పటినుంచి అలవాటైనట్టే యశోదమ్మ వెనక సీట్లోనే కూర్చుంది. అంగడి ముందు అరటి పిలకలు, చామంతి దండలు. బయట బల్లల మీద వంద టైర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పుట్టపర్తి కార్లు ఆరూ ఒక వరసలో, కదిరి డ్రైవర్ల కార్లు పదో పన్నెండో ఇంకో వరసలో ఉన్నాయి. అన్నిటికంటే ముందు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలతో, రామకృష్ణయ్య సొంత కారు మెరుస్తోంది.

రామకృష్ణయ్య ఎదురొచ్చి పుల్లన్న భుజాలకు శాలువా కప్పాడు. భుజం మీద చెయ్యి వేసి, "మా తమ్ముడు లాంటోడు," అని అందరికీ వినిపించేలా అన్నాడు. భజంత్రీలు మోగాయి. మూడేళ్లుగా పాఠంలా వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ పుల్లన్న నాలిక మీదికి రాలేదు. సిగ్గుచేటు! పగవాడు శాలువా కప్పితే చల్లబడిపోయే పగ ఇదేం పగ అని తన్ను తానే తిట్టుకున్నాడు. కాళ్లు మాత్రం కదల్లేదు.

అతని తటపటాయింపు చూసి, మర్యాద అనుకుని, రామకృష్ణయ్య కుంకుమ పళ్లేన్ని యశోదమ్మవైపు చాపాడు.

"ముత్తైదు చేత్తో పెడితే ఇంకా మంచిది. నువ్వే పెట్టమ్మా."

అతను ఆమె చెయ్యి చూడలేదు. మూడేళ్లలో ఒక్కసారీ చూసినవాడు కాదు.

యశోదమ్మ పళ్లెం ఎడమచేతిలోకి తీసుకుంది. వంగని ఉంగరపువేలిని కుంకుమలో ముంచి, మొదటి టైరుకు బొట్టు పెట్టింది. తర్వాత పుల్లన్నతో, "ఆ పక్కకు తిప్పు," అంది.

"ఒక పక్క చాలమ్మా," అన్నాడు రామకృష్ణయ్య.

"రెండు పక్కలా పెడితేనే పూజన్నా. తిప్పు."

పుల్లన్న తిప్పాడు. ఆమె వంగి, వేలితో తడిమి, వెతుక్కోకుండానే ఆ చిన్న గడిని పట్టుకుంది. దాని పక్కనే ఎర్రగా బొట్టు పెట్టింది.

"ఇరవై ఆరు. పదిహేడు," అని చదివింది. భజంత్రీలు ఆగాయి. "ముందరిది వారం, ఎనకది సంవత్సరం. పదిహేడులో పుట్టింది. మా మనవరాలు ఆశ్రిత ఈడుదన్నా ఇది. ఆ పాప మూడో తరగతి చదువుతాండాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. రామకృష్ణయ్య నవ్వబోయి ఆగాడు.

"అది కంపెనీ వాళ్ల నంబరమ్మా, దానికేముండాది..."

"ఇంకోటి తిప్పు," అంది యశోదమ్మ.

పుల్లన్న కాళ్లు ఎప్పుడు కదిలాయో అతనికే తెలియదు. ఒకటి తర్వాత ఒకటి తిప్పుతూ పోయాడు. ఆమె బొట్టు పెడుతూ చదువుతూ పోయింది. పద్దెనిమిది. పదహారు. మళ్లీ పదిహేడు. అక్కడక్కడా కొత్తవీ ఉన్నాయి. వాటికీ బొట్టు పెట్టి, "ఇది మంచిది," అని ఉన్నమాట చెప్పింది. ఎనిమిదో టైరు దగ్గర రామకృష్ణయ్య బల్లమీది గుడ్డ అందుకుని ముందుకొచ్చాడు.

"తుడుస్తావా అన్నా?" అన్నాడు జయరాం. "నవమి పొద్దు, టైరు మీద బొట్టు తుడుస్తావా?"

గుడ్డ రామకృష్ణయ్య చేతిలోనే ఉండిపోయింది. గుమ్మంలో హారతి పళ్లెంతో నిలబడిన అతని భార్య రామసుబ్బమ్మ, "ముట్టుకోకండి!" అని అరిచింది. ఆ అరుపుకు అతను రెండడుగులు వెనక్కి పోయాడు.

ఆ తర్వాత డ్రైవర్లను ఎవరూ ఆపలేకపోయారు. పండగ చొక్కాలతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, ఎవరి కార్ల కిందికి వాళ్లు దూరి, సెల్‌ఫోను దీపాలతో తమ టైర్ల లోపలి పక్కలు వెతుక్కున్నారు. "నాది పదహారంటరా!" అని ఒకడు కేక వేశాడు. "పోయిన నెలలో ఏయించుకుంటి, నాది పదిహేడప్పా!" అని ఇంకొకడు బయటికొచ్చాడు, వీపంతా మట్టితో. ఇరవై నాలుగు టైర్లూ అక్కర్లేదని జయరాం చెప్పనే అక్కర్లేకపోయింది.

పుల్లన్న గుండె నిండింది. చెవిలోని నవ్వు ఆగిపోయింది. ఇక చాలు, పోదామని భార్యవైపు తిరిగాడు. ఆమె అక్కడ లేదు. రామకృష్ణయ్య సొంత కారు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆ చక్రానికి అంకెలు బయటి పక్కనే ఉన్నాయి.

"ఇరవై ఎనిమిది. ఇరవై ఐదు," అని చదివింది. బొట్టు పెట్టి తలెత్తింది. "మూడు నెలల కిందట పుట్టిందన్నా ఇది. నీ కారుకు మాత్రం పసిబిడ్డలను ఏసుకున్నావు. రబ్బరుకు వయసేంది, మనిషా అంటివంట గదా. నీకు తెలుసన్నా. అప్పుడూ తెలుసు."

రామకృష్ణయ్య ఆమె ముఖంలోకి చూడలేక తలదించాడు. తలదించినచోట ఆమె చెయ్యి కనిపించింది. మూడేళ్ల తర్వాత అప్పుడు చూశాడు. కుంకుమలో ఎర్రబడిన ఆ నిటారు వేళ్లను చూసి, పక్కనున్న టైర్ల మీదే కూలబడ్డాడు.

ఇది కళ్లారా చూసిన పుల్లన్నకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పరుగున పోయి కారు తలుపు తెరిచాడు. ముందు తలుపు.

"రా యశోదా, పోదాం. ఈ పొద్దు ముందర కూర్చో."

యశోదమ్మ కారు దాకా వచ్చింది. ఎక్కలేదు. పళ్లెంలో మిగిలిన కుంకుమలో వేలు ముంచి, వంగి, ముందు ఎడమ టైరు మీద బొట్టు పెట్టింది. అంకెల మీద కాదు. రబ్బరు అరిగిపోయి, లోపలి తీగలు తెల్లగా తేలిన చోట.

"ఆంజి అంతా చెప్పినాడు. నల్లమాడ దారిలో ముసలామె సంగతి గూడా చెప్పినాడు. కుక్క అడ్డమొచ్చిందంటివంట."

"అది కాదే... ఈ పొద్దు కోసమే గదా..."

"తెలుసు. నా చెయ్యి కోసమే. ఆ ముసలామె చెయ్యి పోయింటే? వాళ్లింట్లో సంగటి ఎవరు గెలకాల? వాడు దుడ్ల కోసం ఏసినాడు, నువ్వు పగ కోసం ఏసుకుని తిరిగినావు. నాలుగు నెలలు. వానికి పెట్టిన బొట్టు నీకూ పెట్టినా. తుడుచుకోపో."

పళ్లెం అతని చేతిలో పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, బస్టాండువైపు నడిచింది. తనకల్లు బస్సు వచ్చేదాకా బస్టాండు మూలన నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

పుల్లన్న శాలువా తీసి మడిచి రామకృష్ణయ్య బల్లమీద పెట్టాడు. డిక్కీలోంచి జాకీ తీశాడు. నాలుగు చక్రాలూ ఊడదీసి, జయరాం కారులో వేసుకుని అనంతపురం బయల్దేరాడు. పండగ రోజు అక్కడ తెరిచిన అంగడి దొరకలేదు. టైర్లు మర్నాటి సాయంత్రం గానీ రాలేదు. అంతదాకా ఆ తెల్లకారు రామకృష్ణయ్య అంగడి ముందరే, నాలుగు రాళ్ల మీద నిలబడి ఉంది.